సంబంధమున్నవాళ్ళ గడి

నరసింహులు మాస్టారు తన జీవితం గురించి చెప్పాల్సి వస్తే రెండే రెండు ముక్కల్లో తేల్చేసేవాడు. ముప్పై ఏళ్ళు సోషల్ పాఠాలు చెప్పాడట, అందులో నాలుగేళ్ళు తలుపు దగ్గర నిలబడ్డాడట. పాఠాలు ఎవరికీ గుర్తులేవనీ, తలుపు మాత్రం ఊరంతటికీ గుర్తుందనీ చెప్పి, ఎదుటివాళ్ళు నవ్వకముందే తానే నవ్వేసేవాడు.

తలుపు దగ్గర నిలబడడం ఆయనకు తండ్రి నుంచి వచ్చింది. తండ్రి మునెప్ప మదనపల్లెలో ఒక సినిమా హాల్లో గేటుకీపరు. టికెట్టు చింపి సగం చేతిలో పెట్టేదాకా కలెక్టరొచ్చినా కదలనిచ్చేవాడు కాదు. కట్టుకున్న భార్యను కూడా టికెట్టు లేకుండా లోపలికి పంపలేదని ఆ వీధిలో ఆయనకు గొప్ప పేరు. ఆమె మధ్యాహ్నం ఆటకు భర్తకు సద్దికూడు తెచ్చి ఇచ్చి, హాలు వెనకగోడ నీడలో కూర్చుని మాటలూ పాటలూ విని ఇంటికి పోయేది. అది కూడా తండ్రి నిజాయితీకి నిదర్శనమేనని నరసింహులు చాలా ఏళ్ళపాటు గర్వంగా చెప్పుకున్నాడు.

మొదటి ఉద్యోగం కుప్పంలో. అక్కడ తరగతిలో సగం మంది ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్ళు, పావు మంది కన్నడం. ఈయన తెలుగులో చెప్పే భూగోళం వాళ్ళకు ఏ మాత్రం ఎక్కుతోందో తెలియక ఎనిమిదేళ్ళు కొట్టుకున్నాడు. తోటి మాస్టారు ఓబులేసు మాత్రం ఎక్కడినుంచో వీడియో క్యాసెట్లు తెచ్చి పిల్లలకు చూపించేవాడు. కొండలు, ఎడారులు, అడవులు. మాట అర్థం కాని పిల్లలకు కూడా బొమ్మ అర్థమయ్యేది. అది చూసి నరసింహులుకు అసూయ పుట్టింది. దాన్నాయన స్ఫూర్తి అనేవాడు కానీ, అసూయేనని తర్వాత ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత రెండు మూడు బళ్ళు మారాక, తొంభై ఏడులో పుంగనూరు నుంచి సోమల పోయే దారిలో ఒక హైస్కూలుకు బదిలీ అయింది. ఆయన అదృష్టం కొద్దీ అదే ఏడాది ఎవరో దాతలు బడికి కలర్ టీవీ, క్యాసెట్లు ఆడించే పెట్టె ఇచ్చారు. హెడ్మాస్టరు వాటిని చూసి భయపడ్డాడు. పోతే ఎవరు జవాబు చెప్పాలని అడిగి, తాళంచెవి తీసి నరసింహులు చేతిలో పెట్టాడు. శనివారం మధ్యాహ్నం కరెంటు ఉంటుంది కాబట్టి ఆ రోజే ఆట అని ఈయన నిర్ణయించాడు.

ఓబులేసు పంపిన మొదటి క్యాసెట్టు పెట్టగానే తెరమీద ఇంగ్లీషులో ఒక హెచ్చరిక వచ్చింది. పిల్లలు దాన్ని పట్టించుకోలేదు. ఈయన మాత్రం క్యాసెట్టు ఆపి, వెనక్కి తిప్పి, డిక్షనరీ తెచ్చుకుని చదివాడు. ఈ క్యాసెట్టు ఇంట్లో చూసుకోవడానికే. క్లబ్బులు, బస్సులు, ఆసుపత్రులు, సముద్రంలో నూనె తీసే దిమ్మెలు, జైళ్ళు, బళ్ళు, వీటిలో చూపించడం నేరం. బడిని జైలు పక్కన చేర్చినందుకు ఆయనకేమీ ఆశ్చర్యం కలగలేదు, పిల్లలెప్పుడూ అదే అంటారు. కానీ నేరం అన్న మాటను మాత్రం డిక్షనరీలో రెండోసారి వెతికి చూశాడు. మదనపల్లెలో ఏదో వీడియో షాపు మీద పోలీసులు పడి క్యాసెట్లన్నీ గోనెసంచుల్లో వేసుకుపోయారన్న కబురు ఆ వారమే విన్నాడు.

ఆ రోజు ఆట ఆగిపోయింది. ఆదివారం పొద్దున్నే మదనపల్లె బస్సెక్కి, చిన్నప్పటి స్నేహితుడు సుబ్రహ్మణ్యం వకీలు ఇంటికి పోయాడు.

సుబ్రహ్మణ్యం లుంగీలో వచ్చి, విషయం విని, పుస్తకాల బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీశాడు. "క్యాసెట్టు మింద వాడు రాసుకునింది వాడి కోరికరా. సట్టం యేరే ఉండాది. బడి పనిలో బాగంగా సినిమా సూపీవచ్చు, పాటలు వినిపీవచ్చు. ఎవురికంటే... ఆ బడి అయివార్లకు, పిల్లోళ్ళకు, వాళ్ళ అమ్మానాయనలకు, గార్డియన్లకు, ఇంక ఆ బడి పనులతో నేరుగా సంబంధం ఉండేటోళ్ళకు. ఊరందరికీ కాదు. అంతే."

"రాసియ్యి," అన్నాడు నరసింహులు.

"ఏందిరా రాసిచ్చేది? పుస్తకంలో ఉండాది కదా."

"అయితే జిరాక్సు తీసియ్యి."

ఆ జిరాక్సు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కినప్పుడు, తనంత బాధ్యతగల మాస్టారు జిల్లాలో ఇంకొకడు లేడని నరసింహులుకు గట్టి నమ్మకం కలిగింది. ఆయన జీవితంలో అనర్థాలన్నీ ఇలాంటి నమ్మకంతోనే మొదలయ్యాయి.

సోమవారం పెద్ద రిజిస్టరు కొని, స్కేలు పెట్టి ఎర్రసిరాతో ఐదు గడులు గీశాడు. మొదటి గడి ఉపాధ్యాయులు. రెండోది విద్యార్థులు. మూడోది తల్లిదండ్రులు. నాలుగోది గార్డియన్లు. ఐదోది బడితో సంబంధమున్నవాళ్ళు, పేరు పక్కన ఏం సంబంధమో రాసే చోటుతో సహా. శనివారం మధ్యాహ్నం గది తలుపు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నాడు. తండ్రి టికెట్టు చింపినట్టే, కొడుకు గడి నింపకుండా ఎవర్నీ లోపలికి పంపలేదు.

మొదటి వారం కొందరే వచ్చారు. రెండో వారానికి కబురు పాకింది. మాస్టారు తలుపు దగ్గర "ఎవరికి ఏమవుతావు?" అని మాత్రమే అడుగుతాడనీ, దానికి జవాబుంటే చాలనీ ఊరికి తెలిసిపోయింది. ఆ ఊళ్ళో ఆ ప్రశ్నకు జవాబు లేని మనిషే లేడు. వరసలు కలుపుకుంటూ పోతే అందరూ అందరికీ ఏదో ఒకటి అవుతారు. ఒకాయన ఆరో తరగతి పిల్లకు మామ, ఇంకొకాయన ఎనిమిదో తరగతి పిల్లవాడికి చిన్నాయన. నరసింహులు తక్కువవాడా? పిల్లలను పిలిచి సాక్ష్యం అడిగేవాడు. "మా మామే సార్" అని పిల్లలు ఒట్టేసి చెప్పేవాళ్ళు. వేయించిన చెనిక్కాయలు గుప్పెడిస్తే ఎవరికైనా మేనల్లుళ్ళయిపోతారని ఆయనకు చాలాకాలం తెలియలేదు.

బడి ఎదురుగా వక్కాకు అంగడి పెట్టుకున్న పెద్దన్న పదకొండు మంది పిల్లలకు గార్డియన్ అయ్యాడు. ఏడో తరగతిలో ఒకడికి పంతొమ్మిది మంది మేనమామలు తేలారు. నరసింహులు పంతొమ్మిది పేర్లూ గార్డియన్ల గడిలో వరసగా, అందంగా, కొట్టివేతలు లేకుండా రాసి కింద గీత గీశాడు. చట్టాన్ని ఇంత చక్కగా పాటించిన బడి ఇంకొకటి ఉండదనుకున్నాడు.

ఐదో గడి విషయంలో మాత్రం ఆయన చాలా జాగ్రత్తపడ్డాడు. సంబంధమున్నవాళ్ళంటే మర్యాదగలవాళ్ళని ఆయన లెక్క. సర్పంచి, సర్పంచి బావమరిది, బడి కమిటీ ఛైర్మను, టీవీని మొదటిరోజు జీపులో తెచ్చిన డ్రైవరు. వీళ్ళకు కుర్చీలు కూడా వేయించాడు.

ఆ కుర్చీలు వేసింది మునెమ్మ.

మునెమ్మ ఆ బడిలో ఊడ్చే మనిషి. నలభై ఐదేళ్ళుంటాయి. పుట్టింది రామసముద్రం దగ్గర, మెట్టింది ఇక్కడ. పెనిమిటి పోయాడు, పిల్లల్లేరు. పొద్దున్నే వచ్చి గదులు ఊడ్చి, అరమైలు దూరంలో ఉన్న బోరు నుంచి బిందెలతో నీళ్ళు తెచ్చి తొట్టి నింపేది. ఆ ఏడు వానల్లేక బోరు కూడా దగ్గుతూ దగ్గుతూ పోసేది. బరువులెత్తడం తన డ్యూటీలో లేదని అటెండరు చెప్పేసినందువల్ల, ప్రతి శనివారం తలమీద పాతగుడ్డ చుట్ట పెట్టుకుని, ఆ టీవీని హెడ్మాస్టరు గది నుంచి మైదానం దాటించి తెచ్చేది కూడా ఆమే. వెనకాల నరసింహులు "జాగ్రత్త మునెమ్మా, జాగ్రత్త" అంటూ వచ్చేవాడు. ఆయన మోసింది ఆ జాగ్రత్తలు మాత్రమే.

టీవీ దించి, బెంచీలు సర్ది, ఆమె బయటికి వచ్చేసేది. అప్పుడు ఈయన తలుపు దగ్గర బల్ల వేసుకునేవాడు.

తొంభై తొమ్మిది మార్చిలో ఓబులేసు కుప్పం నుంచి ఒక మంచి క్యాసెట్టు పంపాడు. సముద్రం గురించి. గంటసేపు అలలు, పడవలు, చేపలు, తీరాలు. వారం రోజుల్లో తిరిగి పంపమని చీటీ కూడా పెట్టాడు. ఆ శనివారం గదిలో కాలు పెట్టే చోటు లేదు. పంతొమ్మిది మంది మేనమామలూ హాజరయ్యారు. అలల చప్పుడు కిటికీలోంచి మైదానంలోకి వినిపించింది.

మునెమ్మ నీళ్ళబిందెతో తలుపు దగ్గరకు వచ్చి ఆగింది.

"సార్, లోపల ఆ సప్పుడేంది? వాన మాదిరి ఉండాది."

"వాన కాదు మునెమ్మా, సముద్రం."

ఆమె బిందె దించింది. "మా ఊరి పేరులోనే సముద్రం ఉండాది సార్. నేను పుట్టి బుద్ధెరిగినాక ఒగసారన్నా సూళ్ళేదు. రోంతసేపు సూసి పోతా సార్. నిలబడే సూస్తా."

రెండేళ్ళలో ఆమె ఏదైనా అడగడం అదే మొదలు. నరసింహులు రిజిస్టరు తెరిచాడు. నిజంగా తెరిచాడు. పెన్ను మూత కూడా తీశాడు.

"నీ బిడ్డలెవరైనా ఈడ సదువుతాండారా?"

"నాకు బిడ్డల్లేరు కదా సార్."

"అన్న పిల్లలో, చెల్లెలు పిల్లలో?"

"ఉండారు. రామసముద్రంలో సదువుతాండారు."

లోపలి నుంచి ఏడో తరగతి మేనల్లుడు తల బయటపెట్టి గుసగుసగా అన్నాడు. "మునెమ్మా, మా అత్తవని సెప్పు. నేను అవునంటా."

మునెమ్మ వాడి వైపు చూసి తల అడ్డంగా ఊపింది. "లేని వరస యాడనుంచి తెచ్చేదప్పా? అబద్ధం సెప్పి సూసేదానికి అదేమన్నా స్వర్గమా?"

"అయితే రూలు ఒప్పుకోదు మునెమ్మా," అన్నాడు నరసింహులు. గొంతులో జాలి కూడా పలికించాడు.

"సరే సార్. నీళ్ళు ఈడ పెడతాండా," అని ఆమె వెళ్ళి, కిటికీ కింద గోడకు ఆనుకుని కూర్చుంది. లోపల ముందు వరసలో పదకొండు మంది పిల్లల గార్డియన్ పెద్దన్న, సముద్రానికి సరిజోడుగా గురక పెడుతున్నాడు.

మరుసటి ఆదివారం నరసింహులు రిజిస్టరును సంచిలో పెట్టుకుని మళ్ళీ మదనపల్లె పోయాడు. క్యాసెట్టు అప్పటికే కుప్పం పోయే మనిషి చేతికిచ్చి పంపేశాడు. సుబ్రహ్మణ్యం తన పద్ధతి చూసి మెచ్చుకోవాలని ఆయన ఆశ. మెప్పు కోసం అరవై కిలోమీటర్లు రానూపోనూ బస్సులో నిలబడ్డానని తర్వాత ఎన్నిసార్లు చెప్పుకుని నవ్వాడో.

సుబ్రహ్మణ్యం పేజీలు తిప్పాడు. పంతొమ్మిది మేనమామల దగ్గర కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. కడుపుబ్బ నవ్వాడు. "వీళ్ళమ్మకు ఎంత పెద్ద పుట్టిల్లురా!" అన్నాడు. ఆ తర్వాత ఐదో గడికి వచ్చాడు.

"ఈ జీపు డ్రైవరుకు బడితో ఏం సంబంధం?"

"టీవీని తెచ్చినాడు కదరా. మొదటిరోజు."

"ఒగరోజు తెచ్చినోనికి సంబంధం ఉండాదంటావు. సరే. మరి ప్రతి శనివారం ఎవురు తెస్తాండారు?"

"మునెమ్మని, ఊడ్చే మనిషి."

"బెంచీలు?"

"ఆమే."

"తాగేదానికి నీళ్ళు?"

"అవీ ఆమే."

"ఆమె పేరు ఏ పేజీలో ఉండాది?" సుబ్రహ్మణ్యం మామూలుగానే అడిగాడు. నిజంగానే పేజీ కోసం వెతుకుతున్నాడు.

నరసింహులు రిజిస్టరు తీసుకుని తిప్పాడు. ఆ పేరు లేదని తెలుసు. అయినా మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా తిప్పాడు. ఎర్రసిరా గీతలు తిన్నగా, ముచ్చటగా ఉన్నాయి. అబద్ధం చెప్పిన ప్రతివాడి పేరూ అందులో ఉంది. నిజం చెప్పిన ఒక్క మనిషి పేరు లేదు. బడితో నేరుగా సంబంధమున్న వ్యక్తులని చట్టం రాసినప్పుడు కుర్చీలో కూర్చునేవాళ్ళని ఎక్కడా రాయలేదు. అది తానే చేర్చుకున్నాడు.

బస్టాండుకు నడుస్తుంటే తండ్రి పనిచేసిన హాలు దారిలో తగిలింది. మూసేసి చాలా రోజులైంది. ముందర టమాటా పెట్టెలు పేర్చి ఉన్నాయి. ఆయన కాళ్ళు వాటంతటవే వెనకగోడ వైపు తిరిగాయి. అమ్మ కూర్చునే చోటు అది. తండ్రి నిజాయితీకి గుర్తుగా ఇన్నాళ్ళూ చెప్పుకున్న చోటు. అమ్మ ఒక్క సినిమా కూడా చూడకుండానే పోయిందన్న సంగతి, యాభై ఏళ్ళకు దగ్గరపడ్డాక ఆ టమాటా పెట్టెల మధ్య ఆయనకు మొదటిసారి తట్టింది. సిగ్గేసింది. ఏడుపొచ్చింది. పెట్టెలు ఎత్తే కూలీ ఒకడు "ఏమైందప్పా?" అని అడిగితే కంట్లో నలక పడిందన్నాడు. ఆ మాట కూడా అబద్ధమే. ఇక తన పేరు కూడా ఆ అబద్ధపు గార్డియన్లతోపాటు నాలుగో గడిలో రాసుకోవచ్చనుకున్నాడు.

మరుసటి శనివారం సెలవు పెట్టి, పలమనేరులో బస్సు మారి కుప్పం పోయాడు. ఓబులేసు బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి, ఏ సంగతీ చెప్పకుండా సముద్రం క్యాసెట్టు కావాలన్నాడు.

"మొన్ననే కదప్పా పంపినావు! అప్పుడే ఏమొచ్చింది?"

"ఒగరు సూళ్ళేదు."

"ఒగరి కోసరం ఈడిదాకా వచ్చినావా? ఎవురప్పా ఆ పెద్దమనిషి? కలెక్టరా?"

"కలెక్టరయితే పోనీలే అనుకుందును," అన్నాడు నరసింహులు.

తర్వాతి శనివారం మధ్యాహ్నం ఆయన టీవీకి ఒక పక్క చెయ్యి వేశాడు. మునెమ్మ "వదులు సార్, పడేస్తావు" అని ఆ చెయ్యి తీసేసి తలమీద పెట్టుకుపోయింది. గది సర్ది బయటికి వస్తుంటే ఆయన తలుపు దగ్గర ఆపాడు.

"నువ్వు లోపల కూకో మునెమ్మా."

"రూలు మారినాదా సార్?"

"లేదు. రూలు మొదట్నుంచీ అట్లే ఉండాది. నేనే సరిగా సదవలేదు. తప్పు నాది."

ఆమె కాసేపు ఆయన ముఖం వైపు చూసింది. మాస్టర్లు తప్పు నాదనడం ఆమె ఎప్పుడూ వినలేదేమో. లోపలికి వెళ్ళి, కుర్చీ చూపిస్తే వద్దని, పిల్లల పక్కన నేలమీద కూర్చుంది. ఐదో గడిలో మునెమ్మ అని రాసేటప్పుడు ఆయనకు అక్షరాలు వంకరపోయాయి.

తెరమీద అల లేచినప్పుడు ఆమె పైట నోటికి అడ్డం పెట్టుకుంది. గంటసేపు కదల్లేదు. ఆట అయిపోయాక లేచి, బెంచీలు ఎత్తబోతూ అడిగింది.

"ఇన్ని నీళ్ళుండి, తాగేదానికి పనికిరావంట కదా సార్?"

"పనికిరావు మునెమ్మా. ఉప్పు."

"ఒగ్గ బిందె గూడానా?"

"ఒగ్గ బిందె గూడా."

"పాపం," అంది ఆమె. ఎవరిని పాపమందో ఆయన అడగలేదు. ఆ సాయంత్రమే రిజిస్టరు అట్ట లోపలివైపు పెద్ద అక్షరాలతో ఒక మాట రాసి సంతకం పెట్టి, హెడ్మాస్టరు చేత ముద్ర కూడా వేయించాడు. బల్లలు, బెంచీలు, టీవీ మోసేవారు, నీళ్ళు తెచ్చేవారు బడితో నేరుగా సంబంధమున్నవారే. వరసలు కలుపుకుని వచ్చే మేనమామలు ఇక రాకూడదు.

దాని ఫలితం తర్వాతి వారమే కనిపించింది. మేనమామలు పంతొమ్మిది మందీ, వాళ్ళతోపాటు పెద్దన్నా, పక్క గదుల్లోంచి తలా ఒక బెంచీ ఎత్తుకుని వరసగా తలుపు దగ్గర నిలబడ్డారు. చట్టం చేతుల్లో పెట్టుకుని వచ్చినవాళ్ళను ఆపడం ఎలాగో ఆయనకు తెలియలేదు. గదిలో బెంచీలు తప్ప మనుషులు పట్టే చోటు మిగల్లేదు. ఆ రోజు తలుపు దగ్గరి బల్ల మీద తల పెట్టుకుని ఆయన నవ్వుతుంటే, ఏడుస్తున్నాడనుకుని మునెమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

రెండువేల ఒకటిలో మళ్ళీ కుప్పానికి బదిలీ అయింది. రెండువేల ఏడులో, ఇంకా ఏడాదిలో రిటైరవుతాడనగా, పుంగనూరు దగ్గరి ఆ బడి వాళ్ళు వార్షికోత్సవానికి రమ్మని ఉత్తరం రాశారు. పాత విద్యార్థులు ప్రొజెక్టరు ఇచ్చారట, గోడంత బొమ్మ పడుతుందట. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సన్మానం చేస్తారేమోనన్న చిన్న ఆశతో బస్సు దిగాడు.

ఆట అప్పటికే మొదలు కాబోతోంది. తలుపు దగ్గర బల్ల. బల్ల మీద రిజిస్టరు. బల్ల వెనక మునెమ్మ. జుట్టు నెరిసింది. చూడగానే లేచి, నోరారా నవ్వి, బాగుండావా సార్ అని అడిగింది. ఆయన కూడా నవ్వుతూ లోపలికి అడుగు వేశాడు.

"ఆగు సార్," అంది మునెమ్మ.

ఆగాడు.

"ఈ బడి అయివారివా ఇప్పుడు?"

"కాదు."

"బిడ్డలెవురన్నా సదువుతాండారా?"

"లేదు మునెమ్మా."

"ఎవురికన్నా గార్డియనా?"

పక్కనే ఒక చిన్నపిల్ల నోరు తెరిచి ఏదో అనబోయింది. ఆయన ఆ పిల్ల వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆమె నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది. అయినా ఆ ప్రశ్న మాత్రం ఉత్త ప్రశ్న కాదు. జవాబు కోసం ఆయన తన ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నిజాయితీగా వెతికాడు. ఆ ఐదు గడుల్లో తనకు పట్టే గడి ఒక్కటీ దొరకలేదు. తలుపుకు బయట నిలబడితే కాళ్ళు ఇంత బరువవుతాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మునెమ్మ గోడవైపు చెయ్యి చూపింది. అక్కడ ఒక బెంచీ నిలబెట్టి ఉంది.

"దాన్ని ఎత్తుకోని లోపలికి రా సార్. మోసినోళ్ళు సంబంధం ఉండేటోళ్ళే అని నువ్వే కదా రాసినావు."

ఆయనకు మోకాళ్ళ నొప్పులు. బెంచీ టేకుది. ఎత్తి భుజాన పెట్టుకునేసరికి ఇస్త్రీ చొక్కా నలిగి దుమ్ము కొట్టుకుపోయింది. "జాగ్రత్త సార్, జాగ్రత్త" అంటూ మునెమ్మ రెండో తలుపు కూడా తీసి పక్కకు జరిగింది. బెంచీ లోపల దించి, తిరిగి బల్ల దగ్గరికి వచ్చి, ఆమె అందించిన పెన్నుతో ఐదో గడిలో తన పేరు రాశాడు. ఏం సంబంధం అన్న చోట, బెంచీ అని రాశాడు.